మోదుగ: ఒక చెట్టు, పెక్కు పేర్లు

మాఘము గడచి ఫాల్గుణము ప్రవేశించు వేళకు మన మెట్టనేలలలోని చెట్లు పెక్కు ఆకు రాల్చి వెలవెలబోవుచుండును. పొలములలోని పచ్చదనము తగ్గి, నేల వన్నె మాసి, గాలి మెల్లమెల్లగా వేడెక్కుచుండును. ఆ దినములలో తెలంగాణపు గుట్టల నడుమనో, గోదావరీ తీరపు అడవుల అంచుననో ప్రయాణము చేయువారికి దూరమున ఎవరో మంట పెట్టినారా అనిపించునట్లు ఒక ఎఱ్ఱని కాంతి కానవచ్చును. దగ్గరకు పోయి చూచిన పొగ లేదు, సెగ లేదు. ఆకు ఒక్కటియు లేని వంకరకొమ్మలమీద గుత్తులు గుత్తులుగా విరబూచిన పూవులు మాత్రము కలవు. అది మోదుగచెట్టు.

దాని పేరేమని ప్రక్కనున్నవారిని అడిగి చూడుడు. పల్లెటూరి వృద్ధుడు మోదుగు అనును. పురోహితుడు పలాశమనును. కావ్యములు చదివినవారు కింశుకమందురు. ఉత్తరదేశమునుండి వచ్చినవారు ఢాక్ అనియో టేసూ అనియో పలుకుదురు. ఇంగ్లీషు బడిలో చదువుకొను బాలుడు 'ఫ్లేమ్ ఆఫ్ ది ఫారెస్ట్' అనును. వృక్షశాస్త్రము చదివినవారు 'బ్యూటియా మోనోస్పెర్మా' అందురు. అందఱును చెప్పునది ఒక్క చెట్టును గూర్చియే. కాని తాము చెప్పునది ఒక్కదానినే అని వారందఱకును తెలియునా యన్నది సందేహమే. ఈ పేర్లు ఎక్కడనుండి వచ్చినవి, ఒక్కొక్క పేరు చెట్టునందు ఏమి చూచినది, వానిలో మనము పోగొట్టుకొనుచున్న దేమి అన్న విషయము నేడు కొంచెము విచారింతము.

ముందుగా చెట్టును గుర్తుపట్టవలెను. మోదుగ మిక్కిలి పెద్ద వృక్షము కాదు. సాధారణముగా 10 మొదలు 15 మీటర్ల యెత్తువరకు పెరుగును. మ్రాను నిటారుగా సాగుట అరుదు. వంకరటింకరగా, ముడులు పడి యుండును. ఒక్కొక్క కాడకు మూడేసి ఆకులున్నట్లు కనబడును. శాస్త్రరీత్యా అవి మూడు ఆకులు కావు. ఒకే ఆకునకు మూడు దళములు. నడిమి దళము తక్కిన రెంటికంటె పెద్దది. ముదిరిన ఆకు తోలువలె దళసరిగా నుండును. చలికాలము తుదిని ఆకులన్నియు రాలిన పిమ్మట, నల్లనివో అనదగిన ముదురు గోధుమవన్నె మొగ్గలు మఖమలు గుడ్డతో కుట్టినట్లు కొమ్మల నిండ పుట్టును. అవి విచ్చినపుడు కాషాయమునకును ఎఱుపునకును నడిమి రంగుగల పూవులు వెలువడును.

మోదుగ చిక్కుడు కుటుంబమునకు చెందినది. చిక్కుడు పూవు, బఠాణీ పూవు చూచినవారు మోదుగుపువ్వు నిర్మాణమును సులభముగా గ్రహింపగలరు. వెనుకనున్న పెద్ద రేకును ధ్వజమందురు. ఇరుప్రక్కల నుండునవి బాహువులు. క్రింది రెండు రేకులు కలిసి పడవ ఆకారమున ఏర్పడును. దానిని ద్రోణి యందురు. మోదుగలో ఈ ద్రోణి కొనదేరి, వంగి, అచ్చముగా చిలుకముక్కువలె నుండును. పూవుల తరువాత వచ్చు కాయ పలుచని బద్దవంటిది. చిక్కుడు కాయలో గింజలు వరుసగా నుండగా, దీనిలో కొనయందు ఒక్కటే గింజ యుండును. తక్కిన కాయ అంతయు ఆ గింజకు రెక్కవలె పనిచేయును. వేసవిగాలికి ఆ బద్ద ఎగిరి దూరమున పడును. చెట్టు కొట్టివేసినను మొదటినుండియు వేళ్ళనుండియు పిలకలు వచ్చును. చవిటినేలను, నల్లరేగడిని, వానకాలమున నీరు నిలుచు పల్లమును గూడ అది ఓర్చుకొనును. ఇతర వృక్షములు నిలువజాలని పాడునేలలో మోదుగ నిలుచుటకు కారణ మిదియే.

ఈ చెట్టును గూర్చి బౌద్ధజాతకములలో ఒక కథ కలదు. కాశీరాజు కుమారులు నలుగురు కింశుకమును చూడగోరిరి. సారథి వారిని ఒకేసారి తీసికొనిపోక, వేర్వేరు ఋతువులలో ఒక్కొక్కనిని కొనిపోయి చూపెను. మొగ్గతొడుగునపుడు చూచినవాడు కింశుకము కాలిన మోడువంటిదనెను. ఆకులతో నిండియున్నపుడు చూచినవాడు మఱ్ఱివంటిదనెను. పూచినపుడు చూచినవాడు మాంసఖండమువంటిదనెను. కాయలు కాచినపుడు చూచినవాడు దిరిసెనవంటిదనెను. నలుగురును వాదులాడుకొని తండ్రియొద్దకు పోగా, మీరందఱును చూచినది నిజమే, కాని తక్కిన కాలములయందు చెట్టెట్లుండునని సారథిని అడుగకపోవుటయే మీ లోపమని రాజు చెప్పెను. మోదుగకు గల పేర్లనుగూర్చియు మనము ఇదే మాట చెప్పవచ్చును. ఒక పేరు ఆకును చూచినది, ఒక పేరు పూవును చూచినది, ఒక పేరు గింజను చూచినది. వానినన్నిటిని కలిపి చూచినపుడే చెట్టు మనకు తెలియును.

సంస్కృతనామములు చూతము. అమరసింహుడు తన నిఘంటువులో దీనికి పలాశము, కింశుకము, పర్ణము, వాతపోథము అను నాలుగు పేర్లిచ్చినాడు. వీనిలో పలాశము, పర్ణము అను రెండు పదములకును ఆకు అను అర్థము కలదు. అనగా మన పూర్వులు ఈ చెట్టును చూచినపుడు రెండు వారములో మూడు వారములో నిలుచు పూవుకంటె, ఏడాదిలో అధికభాగము కనబడు ఆకునే ముందుగా లెక్కించిరి. పలాశ శబ్దమునకు మఱియొక వ్యుత్పత్తియు చెప్పుదురు. పలమనగా మాంసము, దానిని అశించువాడు, అనగా తినువాడు పలాశుడు. ఆ కారణమున ఆ శబ్దము రాక్షసునికిని వర్తించును. కింశుకము మాత్రము పూవును చూచి పెట్టిన పేరు. 'ఇది చిలుకయా యేమి?' అన్న ప్రశ్నయే ఆ పేరునకు మూలమని వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఎఱ్ఱని వంకరముక్కు వంటి ద్రోణిని ఒకసారి చేతబట్టి చూచిన వారికి ఆ ప్రశ్న వింతగా తోచదు. మూడు దళములనుబట్టి త్రిపత్రకమనియు, వైదికకర్మలతోడి సంబంధమునుబట్టి బ్రహ్మవృక్షమనియు గూడ ఇది పిలువబడినది.

వైదిక సంబంధము చిన్నది కాదు. గాయత్రి స్వర్గమునుండి సోమమును తెచ్చుచుండగా దాని పర్ణమొకటి తెగి నేలపై పడి ఈ వృక్షమైనదని తైత్తిరీయసంహిత చెప్పుచున్నది. యజ్ఞమున ఆజ్యము వ్రేల్చు జుహువను గరిటెను ఈ కొయ్యతోనే చేయవలెనని విధి. ఉపనయనమున బ్రహ్మచారి చేతికిచ్చు పలాశదండము నేటికిని కొన్ని యిండ్లలో కానవచ్చుచున్నది. నవగ్రహహోమమున ఒక్కొక్క గ్రహమునకు ఒక్కొక్క సమిధ చెప్పబడినది. సూర్యునకు జిల్లేడు, కుజునకు చండ్ర, బుధునకు ఉత్తరేణి, గురునకు రావి, శుక్రునకు మేడి, శనికి జమ్మి. చంద్రునకు చెప్పబడినది మోదుగయే.

ఇక తెలుగు పేరు. గ్రంథములలో మోదుగ యనియు, వాడుకలో మోదుగు అనియు వినబడును. కన్నడమున దీనిని ముత్తుగ యందురు. ఈ రెండు పదముల పోలిక చెవికే తెలియును. మన జనులు ఈ ఒక్క పేరుతో ఆగలేదు. అడవిలో తీగగా ప్రాకి, ఇదే విధమైన ఎఱ్ఱని పూవులు పూచు దానిని తీగమోదుగ యనిరి. శాస్త్రజ్ఞులు పరిశీలించి చూడగా అదియు ఇదియు ఒకే ప్రజాతికి చెందినవని తేలినది. మూడేసి దళములు, ఎఱ్ఱని పూవులు కలిగి, కొమ్మలకు ముళ్ళుండు వేఱొక చెట్టును ముళ్ళమోదుగ యనిరి. అది ఎరిథ్రైనా అను దగ్గరి ప్రజాతిలోనిది. పుస్తకము పట్టనివారు కేవలము కంటితో చూచి చేసిన ఈ వర్గీకరణము ఎంత సూక్ష్మమైనదో శ్రోతలు గమనింపవలెను. మోదుగుల అను ఇంటిపేరు మన ప్రాంతమున నేటికిని వినబడుచున్నది.

పొరుగుభాషలలో ఈ చెట్టు తమిళమున పురసు, మలయాళమున ప్లాశు, చమత, మరాఠీలో పళస్, గుజరాతీలో ఖాఖరో, వంగభాషలో పలాశ్. హిందీలో చెట్టునకు ఢాక్ అనియు పలాశ్ అనియు పేర్లుండగా, పూవునకు వేఱుగా టేసూ అను పేరు కలదు. ఎంత ప్రయత్నించినను మార్పులేని సంగతిని గూర్చి చెప్పునపుడు అక్కడివారు 'ఢాక్ కే తీన్ పాత్' అందురు. ఢాక్ చెట్టునకు ఎప్పుడు చూచినను మూడే ఆకులు అని దాని భావము. ఆకును చూచిన పేరు, ఆకును చూచిన సామెత, రెండును ఒకే మనస్సునుండి పుట్టినవి.

ఈ పేర్లు ఊళ్ళకును అంటుకొన్నవి. మద్రాసు నగరమున పురసవాక్కమను పేట కలదు. పురసు చెట్లనుబట్టియే ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. వంగదేశమున భాగీరథీతీరమున పలాశీ యను గ్రామము కలదు. పలాశవృక్షములనుబట్టి ఆ ఊరికి ఆ పేరు కలిగినది. 1757వ సంవత్సరము జూన్ 23వ తేదీన అక్కడ జరిగిన యుద్ధమున సిరాజుద్దౌలా ఓడి, ఈస్టిండియా కంపెనీకి వంగరాజ్యము చేజిక్కినది. ఇంగ్లీషువారి నోట పలాశీ ప్లాసీ యయినది. మన పాఠశాలలలో ప్లాసీయుద్ధమును వల్లించిన బాలురు లక్షలమంది యుందురు. ఆ పేరులో మోదుగచెట్టు దాగియున్నదని వారిలో ఎందఱకు తెలియును?

అట్టిదే మఱియొక కథ ఈ చెట్టు శాస్త్రీయనామమున కలదు. అది మన ఆంధ్రదేశమునకు మిక్కిలి సన్నిహితమైనది.

17వ శతాబ్దమున కొచ్చిన్‌లో డచ్చివారి పాలకుడైన వాన్ రీడ్ మలబారు వృక్షములను గూర్చి 12 సంపుటముల మహాగ్రంథమును వ్రాయించెను. 'హోర్టస్ మలబారికస్' అని దాని పేరు. 1678 మొదలు 1693 వరకు అది ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయినది. దాని ఆఱవ సంపుటమున ఈ చెట్టును స్థానికులు పలికినట్లే 'ప్లాసో' యని చెప్పి బొమ్మ వేసిరి. 1763లో ఫ్రెంచి పండితుడు అడాన్సన్ ఆ మలయాళ పదమునే ప్రజాతి నామముగా స్వీకరించెను. కాని పిమ్మట లామార్క్ అను మఱియొక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని ఎరిథ్రైనా ప్రజాతిలో చేర్చి, ఒకే గింజ కలది యను అర్థమున 'మోనోస్పెర్మా' యని పేరిడెను. అనగా ఆయన మోదుగను ముళ్ళమోదుగ వర్గముతో కలిపివేసెను. ముళ్ళున్నదానిని వేఱు చేసి చెప్పిన మన పల్లెవారు ఆ విషయమున ఆయనకంటె జాగరూకులని చెప్పవచ్చును.

అదే కాలమున తెలుగుసీమలో ఇద్దఱు వృక్షశాస్త్రజ్ఞులు పనిచేయుచుండిరి. ఒకరు యోహాన్ గెరార్డ్ కోనిగ్. ఆయన స్వీడన్ దేశపు మహాశాస్త్రజ్ఞుడగు లిన్నేయసునకు శిష్యుడు. 1768లో తరంగంబాడికి వచ్చి, 1785లో కాకినాడ చేరువనున్న జగన్నాథపురమున మరణించెను. రెండవవారు స్కాట్లండు దేశీయుడైన విలియం రాక్స్‌బరో. 1781 మొదలు 1793 వరకు ఆయన సామర్లకోటలో నుండి, కోస్తామండలపు చెట్లను పరిశీలించి, తెలుగు చిత్రకారుల చేత బొమ్మలు వేయించెను. స్థానికులు చెప్పు తెలుగు పేర్లను గూడ శ్రద్ధతో వ్రాసికొనెను. కోనిగ్, రాక్స్‌బరోల మూలమున ఈ చెట్టు 'బ్యూటియా ఫ్రాండోసా' యను పేరుతో ప్రసిద్ధమైనది. 1795లో అచ్చుపడనారంభించిన 'కోరమాండల్ తీరపు మొక్కలు' అను రాక్స్‌బరో గ్రంథమున దాని వర్ణచిత్రము కలదు.

బ్యూటియా యనగా నేమి? బ్యూట్ ప్రభువను బ్రిటిషు రాజకీయవేత్త పేరది. ఆయన 1762, 1763 సంవత్సరములలో బ్రిటిషు ప్రధానమంత్రిగా నుండెను. వృక్షశాస్త్రమునందు అభిరుచి కలవాడు. క్యూ ఉద్యానవనము వృద్ధికి తోడ్పడినవాడు. ఆ కృతజ్ఞతతో శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టిరి. కాని ఆ ప్రభువు భారతదేశమునకు ఎన్నడును రాలేదు. ఫాల్గుణమాసపు మోదుగవనమును ఆయన కన్నులార చూచియుండలేదు. 1891లో కుంట్సే అను జర్మను శాస్త్రజ్ఞుడు పాత పేరే ముఖ్యమని, ప్లాసో నామమును పునరుద్ధరింప ప్రయత్నించెను. అది నిలువలేదు. 1894లో టౌబర్టు అను మఱియొక జర్మను శాస్త్రజ్ఞుడు లామార్కు పెట్టిన మోనోస్పెర్మాను బ్యూటియాతో చేర్చి 'బ్యూటియా మోనోస్పెర్మా' యని స్థిరపఱచెను. అంతర్జాతీయ నియమావళియు బ్యూటియా నామమునే నిలిపి, ప్లాసోను త్రోసిపుచ్చినది. నేడు లోకమంతట చెల్లుచున్న పేరు ఇదియే. అందు సగము ప్రభువుది. మిగిలిన సగము మాత్రము చెట్టుది.

ఇందు మేము ఎవరినో నిందింప దలచుటలేదు. లోకమున కంతకును ఒక పేరుండుట శాస్త్రమునకు అవసరము. కాని ఒక చమత్కారమును గమనింపుడు. ఈ చెట్టు గింజలనుండి శాస్త్రజ్ఞులు వేఱుచేసిన ఒక పదార్థమునకు 'పలాసొనిన్' అని పేరిడిరి. పూవులకు రంగునిచ్చు ద్రవ్యములలో కొన్నిటికి 'బ్యూటిన్', 'బ్యూట్రిన్' అని పేర్లిడిరి. గింజలో పలాశము నిలిచినది; పూవులో ప్రభువు నిలిచినాడు.

శాస్త్రీయనామమువలన మనకు కలిగిన నష్టమేమియు లేదు. నష్టము కలిగించుచున్నది వాడుకలోని ఇంగ్లీషు పేరు. 'ఫ్లేమ్ ఆఫ్ ది ఫారెస్ట్' అనగా అడవిమంట. ఈ పేరును మోదుగకే కాక, వేసవిలో మన వీథులలో ఎఱ్ఱగా పూచు తురాయికిని, ఆఫ్రికానుండి వచ్చిన స్పాథోడియాకును గూడ వాడుచుందురు. తురాయి మడగాస్కరు దీవినుండి వచ్చిన చెట్టు. అది చక్కనిదే; నీడనిచ్చునదే. కాని అది మోదుగ కాదు. ఒకే పేరు రెంటికిని చెల్లుటవలన పట్టణములలో పెరిగినవారు పెక్కురు తురాయిని చూచి, మన పురాణములలోని పలాశము ఇదియే కాబోలునని తలచుచున్నారు. అట్టివారిని మేము పలుమాఱు చూచితిమి. ఊరి వెలుపలి బీడులో తాతలనాటినుండి ఉన్న మోదుగ మాత్రము వారి కంటికి పేరులేని పిచ్చిచెట్టు. పేరులేని చెట్టును నఱకుటకు ఎవరికిని సంకోచముండదు.

భేదము తెలియుట కష్టము కాదు. మోదుగ శిశిరవసంతముల సంధిలో, ఆకు లేని కొమ్మపై పూచును. తురాయి ఎండలు ముదిరిన పిమ్మట, వైశాఖ జ్యేష్ఠములలో పూచును. మోదుగ ఆకునకు అరచేయంత దళములు మూడే. తురాయి ఆకు చింతాకువలె సన్నని దళములతో పక్షి యీకవలె నుండును. మోదుగుపువ్వు చిలుకముక్కు, తురాయిపువ్వు రేకులు విప్పార్చి, అందొక రేకుపై చుక్కలు కలిగియుండును. మోదుగకాయ పలుచగా ఒకే గింజతో నుండును. తురాయికాయ కత్తివలె మూరెడు పొడవుండి, కొయ్యవలె గట్టిపడి, గింజలు పెక్కు కలిగియుండును. ఈ నాలుగు గుర్తులు పిల్లలకు ఒక్కసారి చెప్పిన చాలును.

మోదుగుపువ్వును గూర్చి మఱియొక అపవాదము కలదు. రూపముండియు చదువులేని వానిని వాసనలేని కింశుకముతో పోల్చుట మన నీతిశాస్త్రములలో సామాన్యము. ఆ పోలిక పూవునకు కొంత అన్యాయము చేసినది. పూవు పూచునది మన మెచ్చుకోలునకు కాదు, గింజ కట్టుటకు. మల్లె, పున్నాగ మొదలగునవి రాత్రి వేళ తిరుగు పురుగులను సువాసనతో పిలుచును. మోదుగ పగటి వేళ పక్షులను పిలుచును. పక్షులలో పెక్కింటికి పూవుల విషయమున వాసనతో పని తక్కువ. రంగు చూచి వచ్చును. అందుచేత మోదుగ పరిమళము మాని ఎఱుపును, తేనెను సిద్ధపఱచినది. పూచిన చెట్టు క్రింద ఒక ఉదయమున నిలిచి చూచినవారికి తేనెపిట్టలు, గోరువంకలు, ఉడుతలు చేయు సందడి తెలియును. పక్షి తేనెకై ముక్కు చొనుపగా ద్రోణిలో దాగియున్న పుప్పొడి దాని తలకు అంటును. ఆ పుప్పొడి మఱియొక పూవునకు చేరును. ఎండకాలపు మొదట, అడవిలో ఆహారము కొఱవడిన దినములలో, ఈ చెట్టు పక్షులకు పెట్టు విందు ఇది.

మోదుగ మనుష్యునకు పెట్టిన విందు వేఱు. తరతరములుగా మనవారు అన్నము తిన్నది ఈ ఆకులోనే. ఆకులను ఎండబెట్టి, సన్నని పుల్లలతో గుండ్రముగా విస్తళ్ళు కుట్టుదురు. మడచి దొప్పలు చేయుదురు. తూర్పుకనుమల మన్యములో అడ్డాకు ఎట్టిదో, తెలంగాణపు పల్లెలలో మోదుగాకు అట్టిది. ఆకు దళసరి కనుక పులుసు కాఱదు. తిని పాఱవేసిన విస్తరి మట్టిలో కలిసిపోవును. వేసవిలో అడవికి పోయి ఆకు కోసి, మోపు కట్టి తెచ్చి, ఇంటి అరుగుపై కూర్చుండి విస్తళ్ళు కుట్టిన స్త్రీల చేతులవలన ఎన్నో కుటుంబములు గడచినవి. కాగితపు పళ్ళెములును, ప్లాస్టికు పళ్ళెములును వచ్చిన పిమ్మట ఆ పని చాలవఱకు వెనుకబడినది.

పూవులనుండి రంగు తీయుట మఱియొక విద్య. ఎండిన పూవులను నీటిలో నానబెట్టియో కాచియో పసుపుమిశ్రమమైన కాషాయవర్ణమును తీయుదురు. తెలంగాణమున కాముని పున్నమనాడు హోలీ ఆటకు ఈ నీళ్ళే రంగునీళ్ళు. పటికతో నానబెట్టిన నూలుబట్టకు ఈ రంగు చక్కని పసుపుగా పట్టునని రాక్స్‌బరో పరీక్షించి వ్రాసియున్నాడు. చర్మమునకు హాని చేయు రసాయనపు రంగులను గూర్చి నేడు వైద్యులు హెచ్చరించుచున్నపుడు, మన ఊరి బీడులోనే దొరకు ఈ రంగును మఱచుట విచారకరము.

ఇవిగాక, లక్కపురుగునకు ఆశ్రయమిచ్చు ముఖ్యవృక్షములలో మోదుగ ఒకటి. రేగు, కుసుమము తక్కిన రెండు. బెరడునుండి కాఱు ఎఱ్ఱని బంక వగరుగా నుండి మందులకు పనికివచ్చును. వేళ్ళనుండి నార తీయుదురు. ఈ కొయ్య గాలిలో త్వరగా చెడిపోవును కాని నీటిలో చాలకాలము నిలుచును. కావుననే పూర్వము నూతివొరలకు దీనిని వాడిరి. గింజలు కడుపులోని పురుగులకు మందుగా ఆయుర్వేదమున చెప్పబడినవి. ఇచ్చట ఒక హెచ్చరిక చేయుట మా విధి. ఆ గింజలలోని పదార్థము తీక్ష్ణమైనది. మాత్ర తెలియక, వైద్యుని అడుగక, ఇంటిలో పొడిచేసి పిల్లలకు పెట్టరాదు. పేరు సరిగా తెలియనివాడు మోదుగ గింజకు మాఱుగా వేఱొక గింజ తెచ్చుటయు కలదు. పేరు తప్పుట వలన కలుగు హాని మాటలతో ఆగదని దీనివలన తెలియుచున్నది.

పసుపువన్నె పూవులు పూచు మోదుగచెట్లు కూడ అరుదుగా కలవు. అట్టి చెట్టొకటి కనబడినచో దానికి మహిమలు కల్పించి, వేరును బెరడును చెక్కుకొనిపోవు అలవాటు కొందఱికి కలదు. అది మహిమ కాదు. ప్రకృతిలో అప్పుడప్పుడు కలుగు వర్ణభేదము మాత్రమే. అరుదైన చెట్టును బ్రతుకనిచ్చుటయే దానికి చేయదగిన మర్యాద.

మోదుగను గౌరవించుట మన దేశమునకు క్రొత్త కాదు. ఝార్ఖండు రాష్ట్రము పలాశమును తన రాష్ట్రపుష్పముగా ఎన్నుకొన్నది. 1981లో మన తపాలాశాఖ పూలచెట్ల బిళ్ళలు వెలువరించినపుడు అందు మోదుగకు చోటిచ్చినది. తెలంగాణ రైతాంగపోరాటమును చిత్రించిన తన నవలకు దాశరథి రంగాచార్య 'మోదుగుపూలు' అని పేరిడినారు. ఆ పేరు వినగానే ఆ నేల పాఠకుని కన్నులముందు నిలుచును. మఱియే పూవు పేరు పెట్టినను అట్లు నిలుచునా?

2022వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి ఒక్కసారి వాడి పాఱవేయు ప్లాస్టికు పళ్ళెములను, గ్లాసులను భారతప్రభుత్వము నిషేధించినది. మోదుగాకు విస్తరికి మరల ఆదరణ కలుగుటకు ఇది మంచి తరుణము. కాని ఆకు కావలెనన్న చెట్టుండవలెను. చెట్టుండవలెనన్న దానిని గుర్తుపట్టువాడుండవలెను. గుర్తుపట్టుటకు పేరు కావలెను. బీడుభూములన్నియు ఇండ్లస్థలములుగను, తోటలుగను మాఱుచున్న ఈ దినములలో, ఊరి గట్టుపై నున్న వంకరచెట్టును 'ఇది మోదుగ' యని చూపగల పెద్దలు ఒక్కొక్కరుగా తగ్గిపోవుచున్నారు.

వేఱువేఱు పేర్లుండుట దోషము కాదు. పలాశము ఆకును నేర్పును; కింశుకము పూవును నేర్పును; మోనోస్పెర్మా గింజను నేర్పును; అడవిమంట దూరపు చూపును నేర్పును. మోదుగ యను మాట మాత్రము వీనిలో దేనికిని పరిమితము కాక, విస్తరి కుట్టిన చేతిని, రంగు కాచిన కుండను, అగ్నిలో వ్రేల్చిన సమిధను మనకు జ్ఞప్తికి తెచ్చుచున్నది. తక్కిన పేర్లు పుస్తకములలో భద్రముగ నుండును. ఈ పేరు నిలుచునది నోటియందే.

రాబోవు ఫాల్గుణమున శ్రోతలు తమ ఊరి దాపున నున్న మోదుగను వెదకి, ఇంటి పిల్లలను వెంటబెట్టుకొనిపోయి, రాలిన పూవునొకదానిని వారి అరచేత నుంచి, చిలుకముక్కును చూపి, దాని పేరు తెలుగున చెప్పుదురు గాక. పూవు కోయనక్కఱలేదు. చెట్టు క్రింద కావలసినన్ని రాలియుండును.